పన్నెండు గంటల్లో 50 కిలోమీటర్లు: మైపాడుకు నడిచి వెళ్లి, నడిచే తిరిగి రావడం ఎలా?

తెల్లవారుజామున 4 గంటలకు నెల్లూరు మైపాడు గేటు దగ్గర బయల్దేరాలి. మైపాడు బీచ్ దాకా నడవాలి. సముద్రానికి ఒక దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగి, మళ్లీ నడుచుకుంటూ సాయంత్రం 4 గంటలకల్లా బయల్దేరిన చోటికే చేరాలి. పోను 25, రాను 25, మొత్తం 50 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా. మధ్యలో బస్సు, ఆటో, ఎవరైనా లిఫ్ట్ ఇస్తామంటే ఆ బండి, ఏదీ ఎక్కకూడదు. పరిగెత్తాల్సిన అవసరం మాత్రం లేదు. ఇప్పుడు రోజూ ఓ గంట నడవగలిగితే చాలు, మూడు నెలల్లో ఇది మీ వల్ల అవుతుంది.

దీన్ని ఛాలెంజ్ వాకింగ్ అంటారు. ఇంత దూరం, ఇన్ని గంటల్లో అని ముందే గీత గీసుకుని నడవడం. పక్కవాడిని దాటాలనే గోల ఉండదు, పోటీ గడియారంతోనే. బ్రిటన్‌లో లాంగ్ డిస్టెన్స్ వాకర్స్ అసోసియేషన్ అని 1972లో పెట్టారు. వాళ్ల పెద్ద పండుగ 100 మైళ్ల నడక, అంటే దాదాపు 160 కిలోమీటర్లు, 48 గంటల్లో. నెదర్లాండ్స్‌లో 1909లో మొదలై, ఇప్పుడు నైమేగన్ ఊళ్లో జరిగే నడకైతే నాలుగు రోజులు సాగుతుంది. అక్కడ రోజుకు 30, 40, 50 కిలోమీటర్లలో ఎవరి వయసుకు తగ్గది వాళ్లు నడుస్తారు. ట్రెయిల్‌వాకర్ అనేది హాంకాంగ్‌లో 1981లో గూర్ఖా సైనికుల కసరత్తుగా మొదలైంది. నలుగురు కలిసి 48 గంటల్లో 100 కిలోమీటర్లు నడవాలి.

దూరం నడవడం మనకేమీ కొత్త కాదు. గోవింద నామాలు చెప్పుకుంటూ నెల్లూరు నుంచి తిరుమలకు నడిచే గుంపులు హైవే పక్కన కనబడుతూనే ఉంటాయి. శివరాత్రికి దోర్నాల మీదుగా నల్లమల అడవిలోంచి శ్రీశైలం నడిచే వాళ్లూ ఉన్నారు. తేడా ఒక్కటే, వాళ్లది మొక్కు, మనది సరదా. ఈ సరదా అనే మాట జనానికి అంత తేలిగ్గా ఎక్కదు. మైపాడు దారిలో ఇందుకూరుపేట దగ్గర టీ బంకు నడిపే పెద్దావిడ నన్ను మొదటిసారి చూసి "బస్సు తప్పిపోయిందా అబ్బయ్యా?" అంది. లేదమ్మా, ఊరికే నడుస్తున్నా అన్నాను. "ఊరికేనా! ఏం మొక్కుకున్నావో చెప్పకూడదులే" అని తనే సర్దుకుంది. మీకూ ఇలాంటివి తప్పవు. మొక్కేనని ఒప్పేసుకుంటే టీ త్వరగా వస్తుంది.

ముందు మీ నడక వేగం కొలుచుకోండి

ఒక ఆదివారం పొద్దున ఫోన్‌లో దూరం చూసుకుంటూ 5 కిలోమీటర్లు మామూలుగా నడవండి. గంటలోపు పూర్తయి, పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతుంటే సరిపోతుంది. గంటా పది నిమిషాలు పడితే టెన్షన్ పడకండి. ఓ నెల రోజులు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనో మీ వీధిలోనో రోజూ నడిచి మళ్లీ కొలుచుకోండి. 5 కిలోమీటర్లకే మోకాలు గుచ్చుకుంటోందంటే ముందు దాని సంగతి తేల్చుకోండి.

షుగర్, బీపీ, గుండె మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా ఇందులోకి దిగొద్దు. మాట వరసకు అంటున్నది కాదు. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. అందువల్ల బొబ్బ లేచినా నొప్పి తెలియదు. ఆ బొబ్బ పుండయితే మానడానికి నెలలు పడుతుంది. దూరం నడిస్తే షుగర్ పడిపోయే మందులు కూడా కొన్ని ఉన్నాయి.

ఏ కాలంలో నడవాలి

మన జిల్లాలో దీనికి దొరికేది చిన్న సందు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. మార్చి వస్తే ఎండ. రోహిణి కార్తెలో 50 కిలోమీటర్లు నడుస్తానన్న వాడిని ఇంట్లో కట్టేయాలి. మిగిలింది సంక్రాంతి నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా. కాబట్టి అక్టోబరు మధ్యలో సాధన మొదలుపెట్టి, సంక్రాంతి పిండివంటల బరువు దిగిన తర్వాతి ఆదివారాల్లో అసలు నడక పెట్టుకోండి. సాధనకు వాన అడ్డం వస్తుంది, రానివ్వండి. వాయుగుండం ఉన్న వారం నడక మానేసినందుకు ఎవరూ ఓడిపోలేదు.

వారం వారం ఎంత

వారంలో మూడు రోజులు 45 నిమిషాల నుంచి గంట. అసలు సాధన ఆదివారం నాడు. ఆదివారాల లెక్క ఇలా పెట్టుకోండి: 8, 10, 12, మళ్లీ తగ్గి 8. తర్వాత 15, 18, 22, మళ్లీ 15. తర్వాత 26, 30, 36, చివరికి 20. ఆ పై ఆదివారం 50. నాలుగో వారం తగ్గించడం ఎందుకంటే కండరాలు గట్టిపడేది నడిచేటప్పుడు కాదు, విశ్రాంతిలో. చాలామంది ఈ తగ్గించే వారాన్ని వదిలేసి, పదో వారంలో పిక్క పట్టేసి ఇంట్లో కూర్చుంటారు. 36 నడిచినవాడు 50 ఎలా నడుస్తాడని అడుగుతారు. నడుస్తాడు, మొదటి 25 నెమ్మదిగా నడిస్తే.

రోజుకు పదివేల అడుగులు అనే లెక్కను ఇక్కడికి తీసుకురావద్దు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చిన అంకె అది. మన లెక్క కిలోమీటర్లు, గంటలు.

సాధనకు దారులు వెతుక్కోనక్కర్లేదు. జొన్నవాడ కామాక్షమ్మ గుడి నెల్లూరుకు 12 కిలోమీటర్ల చిల్లర. పోయేటప్పుడు నడిచి, దర్శనం చేసుకుని బస్సులో రావచ్చు. 26, 30 వారాలకు అదే దారి పోనూ రానూ, ఇంకాస్త కలుపుకోండి. నరసింహకొండ ఎక్కి దిగితే మోకాళ్ల కింద కండరాలకు పని తగులుతుంది. ప్రకాశం వైపు వాళ్లు ఒంగోలు నుంచి కొత్తపట్నం సముద్రం దాకా ఇదే పద్ధతిలో లెక్క వేసుకోవచ్చు. ఎక్కడైనా సరే, ఓడిపోతే ఇంటికి చేర్చడానికి బస్సో ఆటోనో తిరిగే రోడ్డునే ఎంచుకోండి. హైవే మాత్రం వద్దు. అక్కడ లారీ గాలికే పక్కకు తూలిపోతాం.

పాదాలు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నా మొదటి మైపాడు నడక 38 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. కాళ్లలో శక్తి ఉంది. గంటలు కూడా మిగిలాయి. ఆగిపోయింది ఇసుక రేణువుల వల్ల.

25 కిలోమీటర్లు నడిచి సముద్రం చేరాక, ఎవరికైనా అనిపించేదే నాకూ అనిపించింది. బూట్లు విప్పి నీళ్లలో దిగాను. చల్లగా, హాయిగా ఉంది. బయటికొచ్చి పాదాలు పైపైన తుడుచుకుని అవే సాక్సులు తొడిగాను. బకింగ్‌హాం కాలువ దాటాక ఎడమ మడమ పక్కన ఏదో గరగరమంది. పోనీలే, ఇందుకూరుపేట టీ బంకులో చూసుకుందాం అనుకున్నాను. అక్కడికెళ్లి సాక్సు విప్పితే రూపాయి బిళ్లంత బొబ్బ. అప్పటికే చితికి, చర్మం సాక్సుకు అంటుకుపోయింది. పెద్దావిడ చూసి "అయ్యో అబ్బయ్యా, ఈ కాలితో నెల్లూరు ఎట్టా పోతావు" అంది. ఆటోలో వెళ్లాను.

లెక్క చూడండి. అడుగు 75 సెంటీమీటర్లు అనుకుంటే 50 కిలోమీటర్లకు 66 వేల అడుగులు దాటుతాయి. అంటే ఒక్కో కాలు 33 వేల సార్లు నేలను తాకుతుంది. ఒక్క ఇసుక రేణువు అన్నిసార్లు ఒకే చోట ఒరుసుకుంటే ఏమవుతుంది? అందుకే, గరగరమన్న వెంటనే ఆగాలి. టీ బంకు దాకా వద్దు, మైలురాయి దాకా వద్దు. ఏ కల్వర్టు మీదో కూర్చుని బూటు విప్పి దులపండి. మూడు నిమిషాల పని.

ఇప్పుడు సామాను. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పొడవాటి వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. బిగుతుగా ఉంటే గోరు నల్లబడి ఊడిపోతుంది. ఖరీదైనవే కావాలని లేదు. మెత్తటి సోలున్న రన్నింగ్ బూట్లు మన తారు రోడ్లకు బాగా సరిపోతాయి. కొత్త బూట్లతో అసలు నడకకు ఎప్పుడూ వెళ్లొద్దు, వాటితో కనీసం 100 కిలోమీటర్ల సాధన అయి ఉండాలి. సాక్సులు నూలువి వద్దు. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతాయి, తడి చర్మం త్వరగా లేస్తుంది. ఆటల సామాను దుకాణాల్లో దొరికే పాలిస్టర్, నైలాన్ కలిసినవి తీసుకోండి. రెండో జత సంచిలో ఉండాలి. గోళ్లు నడకకు మూడు రోజుల ముందే కత్తిరించండి, ముందురోజు రాత్రి కాదు.

బయల్దేరే ముందు మడమలకు, వేళ్ల సందులకు, తొడలు ఒరుసుకునే చోట వాజిలిన్ రాసుకోండి. సాధనలో ఎక్కడ ఎర్రబడిందో ఆ చోట మాత్రం వాజిలిన్ రాయకుండా, చర్మం పొడిగా ఉన్నప్పుడే మైక్రోపోర్ టేపు గానీ తెల్ల గుడ్డ ప్లాస్టరు గానీ ముడత లేకుండా అంటించండి. ప్లాస్టరు మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేచిపోదు. ఇంత జాగ్రత్త పడినా బొబ్బ లేస్తే, చిన్నదైతే చిదపకండి, చుట్టూ దూది మెత్త పెట్టి ప్లాస్టరు వేయండి. పెద్దదై అడుగు వేయనివ్వకపోతే, స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున గుచ్చి నీరు పిండేసి, పై తోలు పీకకుండా కప్పండి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం సూది జోలికి పోవద్దు, నడక ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చెప్పులు లేకుండా తిరుమల నడిచే అమ్మమ్మలకు ఇవన్నీ లేవు కదా అంటారు. వాళ్ల పాదాలు అరవై ఏళ్ల సాధన చేసినవి. మనవి ఆఫీసు పాదాలు.

తిండి, నీళ్లు

ముందురోజు రాత్రి మామూలు అన్నం, పప్పు, మజ్జిగ. చేపల పులుసు తిరిగొచ్చాక తినొచ్చు, 4 గంటలకు బయల్దేరేవాడికి కడుపులో పులుపు, కారం మంచిది కాదు. లేవగానే రెండు ఇడ్లీలో ఒక అరటిపండో. దారిలో ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. వేరుశెనగ ఉండ, నువ్వుల చిమ్మిలి, ఖర్జూరం, అరటిపండు. బిస్కెట్లు నోరెండబెడతాయి. మైపాడులో తినడానికి చిన్న డబ్బాలో పులిహోర తీసుకెళ్లండి. ఉప్పు, పులుపు, నూనె, అన్నం అన్నీ ఉన్న పొట్లం అంతకన్నా ఏముంది? పెరుగన్నం కూడా మంచిదే, కానీ తిన్నాక నిద్రొస్తుంది.

జనవరిలో గంటకు అర లీటరు అటూ ఇటూ నీళ్లు సరిపోతాయి. దాహాన్ని బట్టి తాగండి. మంచిది కదా అని ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక మొదలవుతాయి, ముదిరితే ప్రాణం మీదికే వస్తుంది. అందుకే మూడు సీసాల్లో ఒకటి ఓఆర్ఎస్‌గా పెట్టుకోండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న టీ చెంచాతో గీటుగా కొలిచి కలపండి. ఇది ఎండన పడి తిరిగొచ్చే రెండో సగానికి. దారిలో మజ్జిగ, కొబ్బరినీళ్లు దొరికితే వదలొద్దు.

ఆ రోజు

సంచి నాలుగు కిలోలు దాటకూడదు. నీళ్లు, తిండి, సాక్సులు, చిన్న టవలు, ప్లాస్టరు, వాజిలిన్, టోపీ, టార్చి, ఫోను, వంద రూపాయల చిల్లర, ఆధార్ జిరాక్సు. మెరిసే పట్టీలున్న జాకెట్ వేసుకోండి, రోడ్డు పనివాళ్లు వేసుకునేది, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఎవరో ఒకరిని వెంటబెట్టుకోండి, లేదంటే ఇంట్లో ఒకరికి మీ లొకేషన్ కనబడేలా పెట్టండి. ఆడవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి బయల్దేరి, చీకటి భాగానికి ఇంట్లోవాళ్లను బండి మీద వెనకే రమ్మనడం మేలు. మా గుంపులో అలాగే చేస్తాం.

వాహనాలకు ఎదురుగా, రోడ్డుకు కుడివైపున నడవండి. వచ్చే బండి మీకు కనబడాలి, దాని లైటు మీ జాకెట్ మీద పడాలి. మలుపులో మాత్రం బయటి అంచుకు మారండి.

మొదటి రెండు గంటలు చీకటి. వరి మళ్లు, తర్వాత రొయ్యల గుంటలు. చీకట్లో గుంటలు కనబడేకన్నా ముందు, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల చప్పుడు వినబడుతుంది, ఎక్కడో వాన కురుస్తున్నట్టు. ఆ గుంటల కాపలా కుక్కలే ఈ దారిలో పెద్ద చిక్కు. పరిగెత్తకండి. ఆగి, కుక్క వైపే ముఖం పెట్టి, టార్చి నేల మీద వేసి, వెనక్కి వెనక్కి మెల్లగా జరగండి. చేతికర్ర కొట్టడానికి కాదు, మధ్యలో అడ్డం పెట్టడానికి. పన్ను గీరుకున్నా సరే, సబ్బుతో పారే నీళ్లలో 15 నిమిషాలు కడిగి, నడక అక్కడితో వదిలేసి టీకాకు వెళ్లండి.

ఇందుకూరుపేట మండలంలోనే పల్లిపాడు ఉంది. అక్కడ పెన్న ఒడ్డున ఉన్న పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించారు. తొమ్మిదేళ్ల తర్వాత ఆయన దండికి 24 రోజుల్లో 385 కిలోమీటర్లకు పైగా నడిచారు, 60 ఏళ్లు దాటిన వయసులో. రోజుకు 16 కిలోమీటర్ల చొప్పున పడుతుంది. ఒక్కరోజులో 50 నడిచే మనం గొప్పవాళ్లమని అనుకోకండి. మర్నాడు పొద్దున లేచి మళ్లీ నడవమంటే అప్పుడు తెలుస్తుంది. ఆశ్రమాన్ని సాధన రోజుల్లో విడిగా వెళ్లి చూడండి, అసలు నడక రోజు పక్కదారులు వద్దు.

గడియారం ఇలా. గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 5 కిలోమీటర్లకు 5 నిమిషాలు ఆగడం. కూర్చుని, కాళ్లు కాస్త ఎత్తున పెట్టి, ఏదైనా తిని, లేవడం. 9:20కి మైపాడు. అక్కడ 40 నిమిషాలు. బూట్లు విప్పండి, పాదాలకు గాలి తగలనివ్వండి, పులిహోర తినండి. సముద్రంలో దిగాలనిపిస్తే చేతులు కడుక్కోండి, చాలు. కాళ్లు తడిపే తీరాలంటే మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందుల్లో కూడా టవలుతో తుడిచి, రెండో జత సాక్సులు వేసుకోండి. 10 గంటలకు తిరుగుముఖం. అదే లెక్కన నడిస్తే 3:20కి చేరాలి. మిగిలిన 40 నిమిషాలు కల్వర్టుల మీద బూట్లు దులుపుకోవడానికి, టీకి, "ఊరికేనా!" అనే వాళ్లకు జవాబు చెప్పడానికి.

మొదటి పది కిలోమీటర్లలో వేగం పెంచాలనిపిస్తుంది, వద్దు. 30కీ 40కీ మధ్య విసుగు పుడుతుంది. ఎండ నెత్తిన ఉంటుంది, పక్కనుంచి బస్సులు ఖాళీగా పోతుంటాయి. ఆ సమయంలో నేను కరెంటు స్తంభాలు లెక్కపెడతాను. ఒక మిత్రుడు చిన్నప్పుడు నేర్చిన ఎక్కాలు పైకే చదువుతాడు, పదమూడో ఎక్కం దగ్గర తప్పుతాడు. విసుగుకు లొంగకండి. అయితే ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎండలో చెమట ఆగిపోవడం, కీలులో కత్తి దించినట్టు నొప్పి, వీటిలో ఏది వచ్చినా గడియారాన్ని మర్చిపోయి బండెక్కండి.

చేరాక

టక్కున కూలబడొద్దు. పది నిమిషాలు అటూ ఇటూ మెల్లగా తిరగండి. ఇంటికెళ్లి గోరువెచ్చటి నీళ్లతో స్నానం, ఉప్పు వేసిన మజ్జిగ, తర్వాత ఆ చేపల పులుసు. రాత్రి కాళ్ల కింద దిండు పెట్టుకోండి. మర్నాడు మెట్లు దిగడానికి ఒళ్లు మొరాయిస్తుంది, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అప్పటిదాకా పావుగంట నడకలు చాలు. మళ్లీ పెద్ద దూరానికి కనీసం మూడు వారాలు ఆగండి. ఆ తర్వాత రెండు రోజుల నడకగా పెంచలకోన ఆలోచించవచ్చు, లేదా వచ్చే ఏడాదికి తిరుమల.

పడుకునే ముందు ఇంకో రెండు పనులు. బూట్లలో పాత పేపరు కుక్కి గాలికి పెట్టండి, లోపలి అట్ట విడిగా తీసి. ఒక నోటు పుస్తకంలో ఆ రోజు ఎక్కడెక్కడ ఎన్ని గంటలకు చేరారో, ఏం తిన్నారో, పాదంలో ఏ చోట ఎర్రబడిందో రాసుకోండి. నా పుస్తకంలో మొదటి పేజీలో "ఎడమ మడమ, లోపలి పక్క, ఇసుక" అని ఉంది. ఇప్పటికీ బయల్దేరే ముందు ముందుగా ప్లాస్టరు వేసేది అక్కడే.